చలనం ముప్పై రెండు

కిషన్ రావు గీసిన బొమ్మలు కదులుతాయి. ఈ సంగతి మొదట కనిపెట్టింది కిషన్ రావే. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు దాన్ని నమ్మింది కూడా కిషన్ రావొక్కడే.

బొమ్మలంటే ఏ చెట్టో చేమో, ఏ దేవుడో అనుకునేరు. అలాంటివేం కావు. తెల్ల కాగితం, నల్ల గీతలు. ఒక గీత, దాని పక్కన ఇంకో గీత, అలా ఓ రెండు వందలు. నడిమికి వచ్చేసరికి గీతకూ గీతకూ మధ్య ఎడం వెంట్రుకవాసి తగ్గుతుంది, దాటాక మళ్ళీ పెరుగుతుంది. చేసేది అంతే. కానీ కాసేపు అలా చూస్తూ ఉంటే చదునుగా ఉన్న కాగితం పూరీలా పొంగుతుంది, గీతలు గాలికి పరదా ఊగినట్టు ఊగుతాయి. నమ్మండి, నిజంగానే ఊగుతాయి. నమ్మకపోయినా చేసేదేం లేదు, చిక్కడపల్లిలో ఎవరు నమ్మారు గనక!

అతను నారాయణగూడలోని ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇంజనీర్లు చిత్తుగా రాసిచ్చిన కాలువల్నీ తూముల్నీ కొలతల ప్రకారం కాగితం మీదికి ఎక్కించడం అతని పని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎన్ని వందల మైళ్ళ కాలువలు గీశాడో లెక్కలేదు. వాటిలో నీళ్ళు పారినవి ఎన్నని మాత్రం అడగొద్దు. సర్వీసులో చేరిన పదో ఏట ఒకరోజు, ఒకే కాలువగట్టును రెండు ట్రేసింగ్ కాగితాల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూడబోతే పై కాగితం జారింది. మట్టికి గుర్తుగా వేసిన ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుని ఉన్నట్టుండి అలలుగా పారాయి. కాగితాన్ని మళ్ళీ లాగాడు. మళ్ళీ పారాయి. ఆ మధ్యాహ్నం కిషన్ రావు టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. తను గీసిన కాలువలో నీళ్ళు పారగా చూడడం అతనికి అదే మొదటిసారి.

అప్పట్నుంచి ఆదివారాలన్నీ ఆ గీతలకే పోయాయి. ఒక్కో బొమ్మకు ఐదారు నెలలు. వాటికి చలనం-1, చలనం-2 అని పేర్లు పెట్టుకుంటూ పోయాడు. పందొమ్మిది వందల తొంభై ఐదు నాటికి ముప్పై ఒకటి తేలాయి. రెండు గదుల ఇంట్లో గోడలు నిండిపోయి, చలనం-28 బాత్రూము తలుపుకు ఎక్కింది. ఇంటర్ చదివే కూతురు ఉదయశ్రీ, "నాన్నా, ఇవి చూస్తే ఘాట్ రోడ్డు మీద బస్సెక్కినట్టయితది, వాంతికొస్తది," అనేది. అది కదలికకు సాక్ష్యమే గానీ మెప్పు కిందికి రాదని కిషన్ రావు దాన్ని పక్కన పెట్టాడు.

ఈ విద్యను లోకంలో మొట్టమొదట కనిపెట్టింది తనేనని అతని గట్టి నమ్మకం. ఏదో ఒకనాడు పత్రికల వాళ్ళు చిక్కడపల్లి సందులో ఇల్లు వెతుక్కుంటూ వస్తారనీ, ఆ పూట భార్య అరుంధతి మంచి చీర కట్టుకుని ఉంటే బాగుండుననీ కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. ఒక శనివారం అశోక్ నగర్ వైపు లైబ్రరీలో కూర్చుని, చేతికందిన లావాటి బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ ఊగింది. ఎక్కడో పరాయి దేశంలో ఎవరో గీసినది. తెల్ల కాగితం, నల్ల గీతలు. పేజీ తిప్పితే ఇంకోటి ఊగింది. గుండ్రాలు, గళ్ళు, మనం పక్కనుంచి నడిస్తే రంగు మారే రేకు పలకలు, అబ్బో, ఒకటా రెండా! కింద వేసిన సంవత్సరాలు చూస్తే, అప్పటికి కిషన్ రావు ఇంకా మెట్రిక్ తప్పి రెండోసారి రాస్తున్నాడు.

"నేను కనిపెట్టినదాన్ని నాకంటే ముందుగాల్నే ఎత్కపోయిన్రే," అని ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు.

అరుంధతి చింతపండు పిసుకుతూ, "పోనీయండ్రి, మీరు తెల్వకనే గీసిన్రు గద," అంది. ఆ మాటలో ఓదార్పు ఎంతుందో, పప్పుచారు ధ్యాస ఎంతుందో అతనికి అంతుబట్టలేదు.

లోకం అతని బొమ్మల్ని బొత్తిగా పట్టించుకోలేదంటే అన్యాయం. పట్టించుకుంది, తనకు తోచినట్టు. ఆఫీసు డ్రాయింగులకు కుడివైపు కింది మూలన ఒక డబ్బా గీసి, అందులో గీసినవారు, తనిఖీ చేసినవారు, స్కేలు అని గళ్ళు పెట్టడం ఆనవాయితీ. చెయ్యి అలవాటు ఊరుకోదు కదా, కిషన్ రావు తన చలనాలకూ ఆ డబ్బా గీసేవాడు. గీసినవారు గడిలో తన పేరు రాసుకునేవాడు. తనిఖీ గడి ఖాళీ. ఒకసారి చలనం-14 పొరపాటున తూముల కట్టలో కలిసిపోయి పెద్ద ఇంజనీరు బల్ల మీదికి వెళ్ళింది. మూడు రోజుల తర్వాత ఎర్రసిరాతో తిరిగొచ్చింది: "స్కేలు రాయలేదు. ఇది కాలువ ఎన్నో కిలోమీటరు దగ్గరి అడ్డుకోత? మట్టి పరీక్ష రిపోర్టు జతచేయవలెను." తన బొమ్మను ఎవరైనా అంత శ్రద్ధగా చూడడం అదే మొదలని కిషన్ రావు ఆ కాగితాన్ని బీరువాలో దాచుకున్నాడు.

పక్క పోర్షన్‌లో శ్రీరామమూర్తి ఉంటాడు. గోదావరి వైపు మనిషి, అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. వాళ్ళావిడ సుబ్బలక్ష్మి గారు ఒకసారి పేరంటానికని వచ్చి, గోడ మీద చలనం-9ని చూసి చెంపలు వేసుకుని, నట్టనడుమ ఇంత కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళింది. ఏదో మహిమ గల యంత్రం అనుకుందిట. ఆ బొట్టు పడ్డాక చూపు వెళ్ళి దాని మీదే నిలవడం మొదలెట్టింది, చలనం-9 కదలడం మానేసింది.

ఇవన్నీ కిషన్ రావు నవ్వుతూనే చెప్పేవాడు. ఒక్క సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేకపోయేవాడు. అతని బొమ్మలు అరుంధతికి కదిలేవి కావు.

అరుంధతి అబద్ధం ఆడదు. అదే వచ్చిన చిక్కు. ప్రతి చలనం పూర్తవగానే అతను ఆమెను వంటింట్లోంచి పిలుచుకొచ్చి, భుజాలు పట్టి సరిగ్గా నాలుగడుగుల దూరంలో నిలబెట్టేవాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, బియ్యంలో రాళ్ళేరేటప్పుడు ఎలా చూస్తుందో అలా ఒక్కో గీతనూ పట్టి పట్టి చూసేది. అలా చూస్తే ఏ గీత మాత్రం ఊగుతుంది?

"ఏమన్న కదుల్తున్నదా?"

"లేదండి. గీతలు మాత్రం సక్కగున్నయ్."

"ఒక్క గీతనే చూడకు, మొత్తం చూడు. జర ఓపికపట్టు."

"కుక్కర్ కూత పెడ్తున్నది," అని వెళ్ళిపోయేది.

పదహారేళ్ళు, ముప్పై ఒక్క బొమ్మలు, ముప్పై ఒక్కసార్లు ఇదే మాట. ఆమె ఒక్కసారి "కదిలింది" అంటే చాలు, పరాయి దేశాల వాళ్ళు ముందే గీస్తే గీశారు, తన జన్మ తరించిందనుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం యాభయ్యో పడికి దగ్గరపడుతున్న మనిషి చిన్నపిల్లాడిలా మొహం వేలాడేసుకు తిరిగేవాడు. మళ్ళీ తనే తనను తిట్టుకునేవాడు, "నీ మొకానికి మెప్పొకటి," అని.

అలాంటిది ఆ ఏడు ఆగస్టులో, రాఖీ పున్నం దాటిన మర్నాడు, అరుంధతి దండెం మీది బట్టలు తీసుకుని లోపలికి వస్తూ చలనం-31 ముందు టక్కున ఆగింది.

"ఏమండీ, ఇది కదుల్తున్నది."

కిషన్ రావు గడ్డానికి సబ్బు నురగ పూసుకుని ఉన్నాడు. ఆ నురగతోనే వచ్చాడు.

"ఏంది? ఏంది? మల్లొకసారి చెప్పు!"

"నడుమల ఇంత గుంత పడ్డట్టున్నది. గీతలన్ని అటు వంగుతున్నయ్. నీళ్ళల్ల చూసినట్టు ఊగుతున్నయ్."

ఊగుతున్నాయిట! గీతలు, ఊగుతున్నాయిట, అరుంధతికి! అతనికి ఏం చెయ్యాలో తోచక ఆమె చేతుల్లోని బట్టలన్నీ లాక్కుని కుర్చీలో పడేశాడు. చలనం-30 ముందుకు లాక్కెళ్ళాడు. అదీ కదులుతోంది. 22, 17, బాత్రూము తలుపు మీది 28, అన్నీ కదులుతున్నాయి. ఆఖరికి కుంకుమ బొట్టు పడ్డ చలనం-9 కూడా కదులుతోందంది. ఆ మాటకైనా అతనికి అనుమానం రావాలి. రాలేదు. "చూసినవా, ఇన్నేండ్లకు నీ కన్ను తయారైంది," అని అరుంధతి వీపు తట్టాడు. సగం గడ్డం గీసుకున్న మొహంతోనే చెప్పులేసుకుని, నారాయణగూడ దాకా నడిచి కిలో కలాకంద్ తెచ్చాడు.

మర్నాడు ఆఫీసులో అందరికీ పంచాడు. "ఏమిటండోయ్ విశేషం? ప్రమోషన్ గానీ వచ్చిందా?" అన్నాడు శ్రీరామమూర్తి రెండో ముక్క తీసుకుంటూ.

"అంతకంటె పెద్దదే సార్. మా ఇంట్ల బొమ్మలు కదిలినయ్."

శ్రీరామమూర్తి నోట్లో ముక్క మింగి, "శుభం," అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు కిషన్ రావు కాళ్ళు నేల మీద లేవు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆమెను గోడల వెంట తిప్పి, ఏ బొమ్మ ఎటు వంగుతోందో చెప్పించుకుని ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. "ఎడమ దిక్కు ఎక్కువ ఊగుతోంది," "మధ్యన బూడిద రంగు మరక వంటిది తోచింది." ఈ మరక తను గీయకుండానే ఆమెకు తోచిందంటే తన విద్య ఏ స్థాయికి చేరిందో అని పొంగిపోయాడు. పెద్ద హాలు అద్దెకు తీసుకుని ప్రదర్శన పెడితే ఎలా ఉంటుందని లెక్కలు వేశాడు. తన కళా జీవితం గురించి ఒక వ్యాసం కూడా మొదలుపెట్టి, "నేను" అనే మాట మొదటి పేజీలోనే పద్నాలుగుసార్లు వచ్చిందని తేలాక ఆపేశాడు.

ఆ మూడు వారాల్లో ఇంట్లో జరిగినవి ఇవి. అరుంధతి పొద్దున పేపరు ఉదయశ్రీ చేత చదివించుకోవడం మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించమని సుబ్బలక్ష్మి గారిని పిలిచింది. ఒకనాడు పప్పులో రాయి వచ్చింది, ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి. కప్పులో పొయ్యబోయిన చాయ సాసరులో పోసింది. కిషన్ రావు ఆ సాసరు ఎత్తి తాగుతూ, చలనం-26 గురించి చెప్పుకుపోయాడు. రోజల్లా మనుషుల కళ్ళు ఏం చూస్తాయి, ఎలా మోసపోతాయి అని ఆలోచించే పెద్దమనిషి కంటి ముందరిది చూడలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం చలనం-32 మొదలుపెట్టాడు. అసలు పని ఇంకా దూరముంది. ముందు కాగితమంతా పల్చటి ఇంకుతో నిలువు గీతలు, అడ్డగీతలు, ఉత్త గళ్ళు గీసుకున్నాడు. వాటి ఆధారంగా ఆ తర్వాత వంపులు వస్తాయి. అరుంధతి చాయ తెచ్చి బల్ల అంచున పెట్టింది. కప్పు సగం గాల్లో ఉంది. అతను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

"ఇది అన్నిట్లకెల్ల మంచిగున్నదండి," అందామె. "మస్తు కదుల్తున్నది."

"ఏది?"

"ఇదే, ఇప్పుడు గీస్తున్నదే. నడుమల గీతలన్ని గుంతల్కి జారినట్టున్నయ్."

చెప్పడానికి సిగ్గుపడాల్సిన సంగతే గానీ, ఆ మొదటి క్షణంలో కిషన్ రావుకు కలిగింది గర్వమే. తన చెయ్యి ఇంతటిదైపోయిందా, ఉత్త గళ్ళు గీసినా ఊగుతున్నాయా అనుకున్నాడు. ఆ తర్వాత అతనిలోని డ్రాఫ్ట్స్‌మన్‌కు మెలకువ వచ్చింది. స్టీలు స్కేలు తీసి నడిమి గీతకు ఆనించాడు. గీత నిటారుగా ఉంది. దాని పక్క గీతా అంతే. అడ్డగీతలకు ఆనించాడు. ఇరవై ఆరేళ్ళ చెయ్యి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. స్కేలు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"అరుంధతీ, ఎడమ కన్ను మూసుకో. ఇప్పుడు చూడు."

"ఎక్కువ వంగినయ్. నడుమల మసక."

"కుడి కన్ను మూసుకో."

ఆమె చెయ్యి మార్చుకుంది. చాలాసేపు చూసింది. "సక్కగున్నయ్," అంది మెల్లగా.

"ఎడమది మల్ల మూసి ఆ దర్వాజ చూడు. దాని చట్టం నిలువుగున్నదా?"

"లేదు. నడుమల పొట్ట వచ్చింది."

"క్యాలెండర్?"

"అంకెలు కల్సిపోయినయ్."

"నా మొకం?"

అరుంధతి అతని వైపు తిరిగింది. "మీ మొకం గూడ. ముక్కు జర పక్కకు పోయింది," అని, అంతలోనే, "అయినా గుర్తువడ్తున్రు," అంది.

కిషన్ రావు కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు. "ఎన్ని దినాలైంది గిట్ల?"

"మీరు గడ్డం గీసుకుంటున్నరు సూడుండ్రి, ఆ దినం నుంచి. రెండు దినాలకు తెల్సింది, బొమ్మలే గాదు అన్ని వంగుతున్నయని."

"మరి చెప్పొద్దా? పిచ్చిదానివా? ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె?" అంది అరుంధతి. "మీరు కలాకంద్ తెచ్చిన్రు గద."

పదహారేళ్ళుగా అబద్ధమాడని మనిషి, తన సంబరం చెడగొట్టలేక మూడు వారాలు కంటిని దాచుకుంది. రోజూ సాయంత్రం తను ఆమెను గోడల వెంట తిప్పుతుంటే, కాళ్ళతో నేల తడుముకుంటూ వెంట నడిచింది. ఆ నోటుబుక్కు నిండా తను రాసుకున్నది కళావిమర్శ కాదు, రోగ లక్షణాలు. ఏ కాంపౌండరు చూసినా అడ్మిట్ చేసుకునేవాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు వందన చిన్న వయసు మనిషి. కంట్లో చుక్కలు వేయించి, దీపం పెట్టి లోపలికి చాలాసేపు చూసింది.

"కంటి వెనక సినిమా తెరలాంటి పొర ఒకటి ఉంటుందండీ," అంది. "కుడి కంట్లో ఆ పొర కింద నీరు చేరింది. తెర అక్కడ ఉబ్బింది. ఉబ్బిన తెర మీద పడ్డ బొమ్మ వంకరగానే కదా కనిపిస్తుంది."

చదునుగా ఉన్నదాన్ని ఉబ్బినట్టు చూపించడానికి కిషన్ రావు పదహారేళ్ళు కష్టపడ్డాడు. భార్య కంట్లో చేరిన, చెంచాడైనా లేని నీరు ఆ పని చేసేసింది.

"తగ్గుతదా మేడమ్?"

"చాలామందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు, మచ్చ మిగులుతుంది. అప్పుడు ఆ కంటికి అక్షరాలూ, మొహాలూ సరిగ్గా కనిపించవు. అందుకే కనిపెట్టి ఉండాలి. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు, ఏం చేశారు?"

"కలాకంద్ పంచినమమ్మా," అన్నాడు కిషన్ రావు.

డాక్టరుకు అర్థం కాలేదు. ఆమె సొరుగులోంచి అరచేతంత కార్డు తీసి ఇచ్చింది. దాని మీద చిన్న చిన్న గళ్ళు, నడుమ ఒక చుక్క. రోజూ పొద్దున ఒక కన్ను మూసి, ఆ చుక్కను చూస్తూ, చుట్టూ గీతలు వంగుతున్నాయో లేదో చూసుకోవాలి. కిషన్ రావు ఆ కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. అచ్చు సరిగ్గా పడలేదు. నాలుగో గీత లావు, పదకొండో గీత చివర్లో పలచబడింది. అంత బాధలోనూ అతని ప్రాణం చివుక్కుమంది.

"మేడమ్, ఇది నేను గీసుకోవచ్చునా?"

"గీతలు నిటారుగా ఉంటే చాలు," అని నవ్విందామె. "మీరు గీయగలరా?"

గీయగలడా! ఇంటికొచ్చి ముందు బీరువాలో ఉన్న చలనం-14 పోను మిగతా ముప్పై చలనాలనూ గోడల మీంచి దించి, మంచం కింద పేర్చి దుప్పటి కప్పాడు. గోడల మీద ఇరవై తొమ్మిది చోట్లా, బాత్రూము తలుపు మీద ఒక చోటా తెల్లటి చదరాలు మిగిలాయి. తర్వాత బల్ల ముందు కూర్చున్నాడు. ఇరవయ్యొక్క నిలువు గీతలు, ఇరవయ్యొక్క అడ్డగీతలు, నడుమ చుక్క. చిన్నపిల్లలు గీసే గళ్ళే. అయినా జీవితంలో ఏ గీతకూ అంత భయపడలేదు. ఒక్క గీత వంకరపోతే, ఆ వంకర ఆమె కంటిదో తన చేతిదో ఎలా తెలుస్తుంది? నాలుగు కాగితాలు చించాడు. అయిదోది నిలిచింది. దాన్ని కిటికీ పక్కన ఆమె ఎత్తుకు తగిలించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, కుడి మూలన డబ్బా కూడా గీశాడు. సగంలో ఆగిన బొమ్మ పేరే దీనికి పెట్టాడు: చలనం-32.

ఆనాటి నుంచి రోజూ పొద్దున అరుంధతి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. కిషన్ రావు గోడకు ఆనుకుని నిలబడేవాడు. "ఏమన్న కదుల్తున్నదా?" అని అడిగేవాడు, అదే మాట, పదహారేళ్ళుగా అడిగినదే. కాకపోతే ఇప్పుడు అడిగేటప్పుడు దేవుడి పటం వైపు చూసేవాడు.

"కదుల్తున్నది."

"ఎంత?"

"రూపాయి బిళ్ళంత."

సెప్టెంబరు చివరి వారానికి పావలా అంత అయింది. దసరా నాటికి చింతగింజంత. కిషన్ రావు ఊపిరి పీల్చుకుని, ఆఫీసులో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. దీపావళి ముందు ఒక పొద్దున ఆమె చూసి, చెయ్యి దించి, మళ్ళీ పెట్టి చూసింది.

"మల్ల పెద్దగైంది."

"సక్కగ చూడు."

"చూసిన. రూపాయి కంటె పెద్దగున్నది. చుక్క గూడ కానొస్తలేదు."

ఆ పొద్దున అతను ఆమె ముందు ధైర్యంగానే మాట్లాడాడు. ఆఫీసుకు వెళ్ళాక, ఏదో తూము బొమ్మ ముందు పెట్టుకుని గీత గియ్యలేకపోయాడు. శ్రీరామమూర్తి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోండి కిషన్ రావుగారూ. మావాళ్ళలో ఒకాయనకి ఇలాగే వచ్చి, శుభ్రంగా తగ్గింది."

"నేను అడుక్కున్న సార్," అన్నాడు కిషన్ రావు. "పదారేండ్లు రోజూ అడుక్కున్న, నా పెండ్లానికి గీతలు కదలాలె అని. ఏ దేవుడో విసుగొచ్చి సరేనన్నడు."

శ్రీరామమూర్తి ఎప్పుడూ ఏవో చతుర్లాడే మనిషి. ఆరోజు మాత్రం అతని ఇంకు సీసాకు మూత బిగించి, బలవంతాన చాయకు తీసుకెళ్ళాడు.

డాక్టరు వందన మళ్ళీ చూసింది. ఒక్కోసారి ఇలా పెరిగి తగ్గుతుందనీ, ఇంకో నెల చూద్దామనీ, అప్పటికీ తగ్గకపోతే లేజరు మాట ఆలోచిద్దామనీ అంది. ఆ నెల రోజులూ ఉదయశ్రీ పేపరు చదివి వినిపించేది. పప్పులో రాళ్ళు కిషన్ రావు ఏరేవాడు. ఏరుతూ ఒక్కో గింజనూ పట్టి పట్టి చూస్తుంటే, అరుంధతి తన బొమ్మల్ని ఎంత శ్రద్ధగా చూసేదో అప్పుడు తెలిసొచ్చింది. కళ్ళు తిప్పితే ఊగేదాన్ని ఆమె ఒక్కో గీతగా నిలబెట్టి చూసింది. ముప్పై ఒక్క బొమ్మల్లో ప్రతి గీతనూ చూసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆమెను పట్టుకుని కన్ను తయారవలేదన్నాడు తను. చెంపలు వాయించుకోవాలనిపించింది గానీ చేతుల్లో పప్పు ఉంది.

నవంబరు చివర్లో మళ్ళీ పావలా. తర్వాత చింతగింజ. తర్వాత కొన్నాళ్ళు మినపగింజంత దగ్గర ఆగిపోయింది. ఇక అంతేనేమో, ఆ మినపగింజ జీవితాంతం ఉండిపోతుందేమో అని ఇద్దరికీ లోపల దిగులు.

డిసెంబరు పదిహేడు, ఆదివారం. అరుంధతి స్టూలు మీద కూర్చుని కన్ను మూసుకుంది. రోజూ పట్టేదానికంటే ఎక్కువసేపు పట్టింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆమె లేవలేదు. రెండో కూత కూడా వచ్చింది.

"ఏమన్న కదుల్తున్నదా?" అన్నాడు కిషన్ రావు.

"ఆగుండ్రి."

ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కో గీతనే చూసుకుంటూ కుడి అంచుకు వచ్చింది. పైనుంచి కిందికి వచ్చింది. చుక్క దగ్గర ఆగింది.

"లేదండి," అంది. "ఏం కదుల్తలేదు. గీతలు సక్కగున్నయ్."

అతను నేల మీద కూర్చుండిపోయాడు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు, నవ్వాడు, ఏది ఎప్పుడు చేశాడో అతనికే తెలియలేదు. ఉదయశ్రీ పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ చూసి, ముందు వెళ్ళి స్టవ్ ఆపింది.

కాసేపటికి లేచి, గోడ మీది కాగితం తీసి బల్ల మీద పెట్టి, తన మంచి పెన్ను ఇంకులో ముంచి అరుంధతి చేతికిచ్చాడు. మూలనున్న డబ్బాలో తనిఖీ చేసినవారు అనే గడి చూపించాడు.

"ఇందుల ఏం రాయాలె?"

"నీ పేరు రాయి. నువ్వు చూసినవని."

"నాకేం తెలుస్తదని నేను రాయాలె? మీ ఇంజనీర్లతోని పెట్టించుకోండ్రి."

"వాళ్ళకు మట్టి రిపోర్టు కావాలె. నువ్వు రాయి."

అరుంధతి కుడి కంటితో ఒకసారి, ఎడమ కంటితో ఒకసారి ఆ గడిని చూసుకుని, నాలుక చివర పంటికింద పెట్టుకుని, తన పేరు రాసింది. అక్షరాలు గీత మీద ఒద్దికగా కూర్చున్నాయి. పెన్ను తిరిగిచ్చి, ఖాళీ గోడల వైపు చూసింది.

"ఇగ ఆ మంచం కిందియి తీసి పెట్టుకోండ్రి. గోడలు బోసిగున్నయ్," అంది. తర్వాత చిన్నగా, "అవి గూడ కదలయేమో మల్ల. మీకు మంచిగుంటదా?" అంది.

"కదలొద్దు," అన్నాడు కిషన్ రావు చెప్పులు వెతుక్కుంటూ. "నీకు ఒక్కటి గూడ కదలొద్దు."

ఈసారి కలాకంద్ రెండు కిలోలు తెచ్చాడు.